పాట ప్రజలదే, పాటగాడి ఆకలి ఎవరిది?

పాటను అమ్ముకోవచ్చునా, కూడదా అన్న చర్చ మన సభల్లో అప్పుడప్పుడూ తలయెత్తుతూ వుంటుంది. తలయెత్తినప్పుడల్లా ఎవరో ఒక పెద్దమనిషి లేచి, ప్రజల పాటకు ధర కట్టటం బూర్జువా సంస్కారమని తేల్చేస్తాడు. చప్పట్లు మోగుతాయి. చర్చ ముగుస్తుంది. ఈ తీర్పు చెప్పేవాళ్ళు దాదాపు అందరూ నెలజీతం మీద బతికేవాళ్ళు. నేనూ ఆ జాతివాణ్ణే. కళాశాలలో తెలుగు పాఠం చెప్పి జీతం పుచ్చుకుంటున్నాను. తిక్కన పద్యానికి అర్థం చెప్పి డబ్బు తీసుకోవటం నాకు ఎన్నడూ నామోషీ అనిపించలేదు. తిక్కనను అమ్ముకుంటున్నావని నన్నెవరూ నిలదీయనూ లేదు. మరి డప్పు మీద గొంతెత్తి పాడేవాడికి మాత్రమే ఈ పవిత్రత ఎందుకు అంటగట్టాం?

రెండేళ్ళ క్రితం మా వూళ్ళో ఒక సాహిత్య సభ జరిగింది. నిర్వాహకుల్లో నేనూ ఒకణ్ణి. షామియానాకు, కుర్చీలకు, ఫ్లెక్సీకి, భోజనాలకు బేరమాడి డబ్బు చెల్లించాం. మైకు సెట్టు అతను బయానా పుచ్చుకోనిదే బండి కదలనివ్వలేదు. అది తప్పని మాలో ఎవరమూ అనుకోలేదు. పక్క మండలం నుంచి ఒక పాటగాడు, డప్పు కొట్టే ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చారు. ఆ రోజు జనం రాత్రి పదింటిదాకా నిలబడ్డారంటే ఆ ముగ్గురి వల్లనే నిలబడ్డారు. మా ఉపన్యాసాలకు నిలబడే జనాన్ని నేనింకా చూడవలసి వుంది. చివరికి ఆయనకు శాలువా కప్పాం, జ్ఞాపిక ఇచ్చాం, పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాం. జనం సద్దుమణిగాక ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "సార్, ఏమనుకోకుండ్రి. పోరగాండ్లిద్దరు ఇయ్యాల కూలి ఇడిశిపెట్టి వచ్చిన్రు. బస్సు కిరాయన్న ఇప్పియ్యిండ్రి" అన్నాడు.

కోశాధికారి దగ్గర మిగిలింది నాలుగు వందలు. ఇచ్చాం. పద్దుల పుస్తకంలో దాన్ని 'ఇతర ఖర్చులు' కింద రాశాం. శాలువాకు మాత్రం వేరే పద్దు వుంది: 'సత్కారం, మూడు వందల యాభై'.

కథ అక్కడితో ముగియలేదు. వారం తిరక్కుండా ఆ రాత్రి ఆయన పాడిన పాట ఎవరిదో యూట్యూబు చానెల్లో ప్రత్యక్షమైంది. సభ పేరు వుంది. వెనక కుర్చీలో నా మొహం గూడా వుంది. పాడినవాడి పేరు లేదు.

ఇంత చేసినవాళ్ళం మనం కంపెనీల దోపిడీ గురించి మాట్లాడుతున్నాం. మాట్లాడవలసిందే. కాని ముందు మన ఇంటి సంగతి చూసుకుందాం.

పాటకు వెల కట్టరాదనే మిత్రులు తరుచుగా మార్క్స్‌ను సాక్ష్యానికి పిలుస్తారు. 'అదనపు విలువ సిద్ధాంతాల'లో మిల్టన్ ప్రస్తావన వస్తుంది. పట్టుపురుగు పట్టు వడికినట్టే మిల్టన్ తన స్వభావం కొద్దీ కావ్యం రాశాడని మార్క్స్ అంటాడు. తరవాత దాన్ని అయిదు పౌన్లకు అమ్ముకున్నాడని గూడా అక్కడే అంటాడు. మన మిత్రులకు పట్టుపురుగు గుర్తుంటుంది, అయిదు పౌన్లు గుర్తుండవు. ఆ చర్చలోనే ఒక గాయని ఉదాహరణ వుంది. తన పాటను తానే అమ్ముకునే గాయని పెట్టుబడిని పెంచదు. అదే గాయనిని ఒక వ్యాపారి లాభం కోసం పాడిస్తే ఆమె శ్రమ పెట్టుబడిని పెంచుతుంది. గొంతు అదే, పాట అదే. మారింది సంబంధం. కనుక పాటకు డబ్బు ముట్టిందా లేదా అని ముక్కు చీదుకోవటం మాని, ఆ డబ్బు ఎవరి చేతినుంచి వచ్చింది, ఏ షరతు మీద వచ్చింది, మధ్యన ఎవడు కూర్చున్నాడు అని అడగాలి.

ఇంకొందరు త్యాగయ్యను తెస్తారు. ఆయన రాజసభను కాదన్నాడని చెప్పుకుంటారు. సరే. కాని ఆయన ఉంఛవృత్తి చేశాడని గూడా వాళ్ళే చెబుతారు. వీధి వెంట పాడుకుంటూ పోతే ఇంటింటి వాళ్ళూ పిడికెడు బియ్యం పోసేవారు. రాజును కాదనగలిగిన ధైర్యంలో ఆ వీధి పోసిన పిడికెడు బియ్యానికి పాలు లేదా? ఆ సంగతి మాత్రం మన వ్యాసాల్లో రాదు.

సమాజం పాటగాణ్ణి పోషించటం మనకు కొత్తకాదు. తెలంగాణలో ఒక్కొక్క కులానికి కథ చెప్పే ఆశ్రిత కులం వుంది. మాదిగలకు చిందువారు, డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, ముదిరాజులకు కాకిపడగలవారు. ఏ మేళానికి ఏ వూళ్ళన్నది కట్టుబాటు. దానికి మిరాసీ అని పేరు. అన్నదమ్ములు వేరుపడితే ఆస్తి పంచుకున్నట్టే మిరాసీ వూళ్ళను గూడా పంచుకునేవారు. ఆ వూళ్ళో వాళ్ళకు పెట్టేది భిక్ష కాదు, వాళ్ళకు రావలసింది. ఇవ్వనివాడు తప్పు చేసినవాడు.

దీన్ని స్వర్ణయుగమనటానికి నేను సిద్ధంగా లేను. చిందు ఇళ్ళ ఆడపిల్లలను జోగినులుగా మార్చిన దొరతనం ఆ వ్యవస్థ నీడలోనే బతికింది. పోషణ పుట్టుకతో ముడిపడినప్పుడు పాటగాడు కథ మార్చలేడు, వూరు మార్చలేడు, వృత్తి మార్చలేడు. ఆ ముడి తెగవలసిందే. కాని దానిలో ఒక్క భావం దాచుకోదగింది వుండింది: పాట విన్నవాడు పాటగాడికి బాకీపడతాడన్న భావం. కులం పోయి ఆ భావం మిగలవలసింది. జరిగింది తలకిందులు. కులం నిలిచింది, హక్కు పోయింది, శాలువా వచ్చింది.

1943లో ప్రజానాట్యమండలి పుట్టినప్పుడు ఈ చిక్కుకు కొంతవరకు జవాబు దొరికింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టిన నాజర్ చేతిలో బుర్రకథ ఏమయిందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఉద్యమం అతనికి వేదిక ఇచ్చింది, శ్రోతలను ఇచ్చింది, దళానికి తిండి పెట్టే ఇళ్ళను ఇచ్చింది. తరవాత నిర్బంధం వచ్చింది, దళాలు చెదిరాయి, కళాకారులు ఎందరో సినిమాకు పోయారు. గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశాడు. మిక్కిలినేని తెరమీదికి వెళ్ళాడు. ఇలా పోవటాన్ని ఆదర్శాల పతనమని రాయటం తేలిక. పోకుండా నిలవటానికి మనం వాళ్ళకు ఏర్పరచిన ఆధారమేమిటో మాత్రం ఎవరూ లెక్క చెప్పరు. ఉద్యమం పొంగినప్పుడు పాటగాడికి అన్నం దొరుకుతుంది, తగ్గినప్పుడు దొరకదు. దీన్ని ఏర్పాటు అనరు. వాన అంటారు.

ఈనాడు కొత్త వాదం ఒకటి బయలుదేరింది. ఇంటర్నెట్టు వచ్చింది, రికార్డు కంపెనీల పీడ విరగడయింది, సినిమావాడి గడప తొక్కకుండా ఎవడి పాట వాడు లోకానికి వినిపించుకోవచ్చును, ఇక పాటగాడు స్వతంత్రుడని దీని సారాంశం. మా విద్యార్థులు చాలామంది దీన్ని నమ్ముతున్నారు. వినిపించుకోవటం వరకు నిజమే. స్టూడియోల ముందు పడిగాపులు కాసిన తరాలతో పోలిస్తే ఇది చిన్న విషయం కాదు. కాని తినటం మాటేమిటి?

పాటలు వినిపించే కంపెనీ ఒకదానికి నేను నెలచందా కట్టి, నెల పొడుగునా ఒక్క కిన్నెర పాటే విన్నాననుకోండి. నా డబ్బు ఆ కిన్నెర వాయించినవాడికి పోతుందని అమాయకంగా అనుకుంటాం. పోదు. చాలా కంపెనీల్లో అందరి చందాలూ ఒకే గాదెలో పడతాయి. కంపెనీ తన పాలు తీసుకున్నాక, మొత్తం వినికిళ్ళలో ఎవరి వాటా ఎంతో ఆ లెక్కన మిగిలింది పంచుతారు. అంటే నేనెన్నడూ వినని సినిమా పాటకు నా చందాలో సింహభాగం పోతుంది. పైగా 2024 నుంచి స్పాటిఫై ఇంకొక నియమం పెట్టింది. ఏడాదిలో వెయ్యిసార్లయినా వినబడని పాటకు పైసా లేదు. ఆ మిగులు తక్కిన పాటలకు చేరుతుంది. చిన్నకౌలుదారు పండించింది మరీ తక్కువైందని ఆ గింజలను గూడా పెద్దరైతు గాదెకే తోలినట్టుంది ఈ న్యాయం. ఇది తప్ప గత్యంతరం లేదంటారా? సౌండ్‌క్లౌడ్ 2021లోనే, వినేవాడి డబ్బు అతను విన్న చిన్న కళాకారుడికే చేర్చే పద్ధతి ప్రవేశపెట్టింది. కనుక అడ్డుపడుతున్నది యంత్రం కాదు.

యూట్యూబు సంగతి మీకు తెలుసు. వెయ్యిమంది చందాదారులు, దానితోపాటు ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణమో, పొట్టి వీడియోలకు మూడు నెలల్లో కోటి వీక్షణలో లేనిదే ప్రకటనల ఆదాయంలో వాటా పుట్టదు. ఈ గడప దాటలేనివాడు గడప దాటిన చానెల్‌కు పాడిపెడతాడు. ఒక్కసారి ఏదో ముడుతుంది. తరవాత ఆ పాట లక్షలమంది విన్నా అతనికి వచ్చేదేమీ వుండదు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీ వాటాను వదులుకోవటానికి వీల్లేని హక్కుగా చేశారు. మంచి పనే. కాని తాతల నాటి పాటకు రాసినవాడు ఎవడు? బాణీ ఎవరిది? నాట్లలో వంగి పాడిన ఆడవాళ్ళు సంతకాలు పెట్టలేదు. సంతకం పెట్టగల చదువుకున్నవాడు పాటకు అటొక చరణం ఇటొక చరణం తగిలించి రచయిత అవుతాడు. ఈ విద్యలో మన సాహితీపరులు వెనకబడి లేరని ఒప్పుకోవాలి.

ప్రభుత్వం చూసుకోవాలనే వాదం ఇంకొకటి. పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట ద్వారా తెలుగునాడంతా మోగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో హైదరాబాదు శివార్లలో ఇల్లు కట్టే చోట కూలిపని చేస్తున్న ఆయన ఫోటోలు పత్రికలకెక్కాయి. నెలనెలా రావలసిన గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయన చెప్పారు. అంత డబ్బు వచ్చింది కదా, ఏం చేసుకున్నాడని ప్రశ్నించిన బుద్ధిమంతులను నేను ఎరుగుదును. మా బోటివాళ్ళ జీతం ఒకే ఏడు మొత్తంగా ఇచ్చేసి, ఇక రిటైరయ్యేదాకా అడగవద్దంటే మేమేం చేస్తామో వాళ్ళు ఆలోచించలేదు. ఇల్లు, పెళ్ళిళ్ళు, జబ్బులు ఎవరికైనా వున్నవే. అన్ని లక్షల చెవులు ఆయన పాట విన్నాయి. వాటిలో ఒక్క వెయ్యి చెవులకైనా ఆయన చేతికీ నడుమ నెలనెలా నడిచే దారి లేదు. ఎవరూ వెయ్యలేదు.

సర్కారు నెలజీతమే ఇస్తే? అదీ చూశాం. తెలంగాణ ఉద్యమాన్ని భుజాన మోసినవాళ్ళలో ధూంధాం పాటగాళ్ళు ముందువరసలో వున్నారు. రాష్ట్రం వచ్చాక 2014లో సాంస్కృతిక సారథి పెట్టి, సుమారు 550 మందికి కొలువులిచ్చారు. వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. ఎగతాళి చేసే అర్హత నా జీతానికి లేదు. అయితే వాళ్ళ పని ప్రభుత్వ పథకాలను పాటకట్టి ప్రచారం చెయ్యటం. నిన్నటిదాకా సర్కారును నిలదీసిన గొంతు సర్కారు కరపత్రం చదవవలసి వచ్చింది. జీతమిచ్చేవాడు ఒక్కడే అయితే పాట కొంగు అతని చేతిలోనే వుంటుంది, అతను దొర అయినా, కంపెనీ అయినా, మంత్రి అయినా.

కనుక ఇచ్చేవాళ్ళు చాలామంది కావాలి, ఇచ్చేది చిన్నదై వుండాలి, ఆగకుండా అందాలి. రెండు వందల మంది నెలకు నూరు రూపాయల చొప్పున ఇస్తే ఇరవై వేలు. ఒక పాటగాడు, ఇద్దరు వాద్యకారులు దీనితో భోగాలు అనుభవించరు. వారంలో రెండు మూడు రోజులు కూలికి పోకుండా సాధన చేసుకుంటారు, కొత్త పాట కట్టుకుంటారు. ఒక మోస్తరు పట్టణంలో పాటను ప్రేమిస్తామని చెప్పుకునే ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, వకీళ్ళు రెండు వందల మంది లేరా? టీకొట్టు వాడికి ఫోనుతో డబ్బు పంపేవాళ్ళం, పాటగాడికి పంపటానికి కొత్త విద్య నేర్చుకోనక్కరలేదు. మీ చేతిలో వున్న ఈ త్రైమాసికాన్ని తీసుకోండి. దీన్ని ఏ కంపెనీ నడపటం లేదు. చందాదారులు నడుపుతున్నారు. చందా కట్టి చదవటం అభ్యుదయమైనప్పుడు చందా కట్టి వినటం బూర్జువా సంస్కారం ఎలా అవుతుంది?

"అయితే చందా కట్టనివాడు వినకూడదా?" అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. వినాలి. చందాకూ టిక్కెట్టుకూ తేడా అక్కడే వుంది. టిక్కెట్టు కొననివాణ్ణి బయట నిలబెడుతుంది. చందా ఇవ్వగలవాడు ఇచ్చినందువల్ల ఇవ్వలేనివాడు గూడా వింటాడు. క్యాసెట్ల కాలంలో ఉద్యమ పాటలు సభల దగ్గర అమ్ముడుపోయేవి. కొన్న ఒక్క క్యాసెట్టు నుంచి పదిమంది నకళ్ళు తీసుకునేవారు. పాట అలాగే వూళ్ళు తిరిగింది. ఇప్పుడు గూడా తిరగనివ్వాలి. కూలిపిల్లవాడు ఫోనులో పాటను మిత్రుడికి పంపితే అది దొంగతనం కాదు. దాన్ని ప్రకటనల మధ్య ఇరికించి అమ్ముకునే చానెల్‌వాడు మాత్రం పాడినవాడిని అడగాలి, పేరు వెయ్యాలి, వాటా ఇవ్వాలి.

ఈ దారిలో గోతులు లేవని నేననను. 2012లో అమెరికాలో అమండా పామర్ అనే గాయని కంపెనీని వదిలి శ్రోతలనే ఆశ్రయించింది. దాదాపు 25 వేల మంది కలిసి 12 లక్షల డాలర్లకు దగ్గరగా పోగుచేసి ఇచ్చారు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. తరవాత ఆమె కచేరీ యాత్రకు బయలుదేరి, ఏ వూళ్ళో ఆ వూరి వాద్యకారులు వచ్చి తోడు వాయించవలసిందని, డబ్బు లేదు గాని బీరు పోయిస్తామని, కౌగిలించుకుంటామని ప్రకటించింది. వాద్యకారులు తిరగబడ్డాక డబ్బిచ్చింది. బీరు తీసి శాలువా పెట్టండి, అది మన సభే. ప్రజలిచ్చిన సొమ్ము గూడా ఒక్క పేరున్న మనిషి దగ్గర ఆగిపోతే, వెనక డప్పు కొట్టేవాడు మళ్ళీ ఉత్త చేతులతో బస్సెక్కుతాడు. బుర్రకథకు కథకుడొక్కడే చాలడు, ఇద్దరు వంతలు కావాలి. వంతల వాటా ఎంతో ముందే కాగితం మీద వుండాలి.

బ్యాండ్‌క్యాంప్ కథ ఇంకొకటి. 2008లో పుట్టిన ఈ సంస్థ ద్వారా పాటగాడు శ్రోతకు నేరుగా అమ్ముకోవచ్చును. పాటల అమ్మకంలో సంస్థ తీసుకునేది నూటికి పదిహేను. 2020 మార్చిలో కరోనా వల్ల కచేరీలు ఆగిపోయినప్పుడు కొన్ని శుక్రవారాలు తన వాటాను గూడా వదులుకుంది. స్వతంత్ర సంగీతకారులు దాన్ని తమ ఇల్లనుకున్నారు. 2022లో ఒక ఆటల కంపెనీ ఆ ఇల్లు కొన్నది. 2023లో ఇంకొకరికి అమ్మేసింది, సిబ్బందిలో సగంమంది ఉద్యోగాలు పోయాయి. ఇల్లు ఎంత చల్లగా వున్నా పట్టా ఎవరి పేర వుందో చూడాలి. శ్రోతల జాబితా, పాటల మూలప్రతులు, చందా లెక్కలు పాటగాళ్ళ సంఘం చేతిలో వుండాలి. కంపెనీ సదుపాయాన్ని వాడుకోవద్దనను. సంతకు పోయే బస్సు ఎవరిదైనా ఎక్కుతాం. సరుకు బస్సువాడికి రాసిచ్చి దిగం.

అన్నిటికంటె పెద్ద భయం వేరే వుంది. 'సమూహం' అనే మాట వినగానే మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు అనుమానం. మన దేశంలో చందా తేలిగ్గా పోగయ్యే సమూహాలు ఏవి? కులసంఘాలు. విదేశాల్లో స్థిరపడి వెనకటి దొరతనాన్ని ముచ్చటగా తలుచుకునే ధనికులు. వాళ్ళు ఒక్కొక్కరే లక్ష ఇస్తారు. లక్ష ఇచ్చినవాడు ఫలానా పాట వద్దు, ఫలానా పాట మా తాతగారి మీద కట్టు అంటాడు. అప్పుడు మిరాసీ తిరిగి వచ్చినట్టే. కనుక ఏ ఒక్కరి చందా గూడా మొత్తంలో వందో వంతుకు మించకూడదని నా అభిప్రాయం. పాట ఎంపికలో చందాదారుకు మాట వుండకూడదు. నచ్చకపోతే వచ్చే నెల మానుకోవచ్చును, అంతే. నియమాలు పెడితే డబ్బు తగ్గుతుందని ఒక మిత్రుడు హెచ్చరించాడు. తగ్గుతుంది. తగ్గితే తగ్గిందే.

మా వూళ్ళో ఈ ఏడు సభకు బడ్జెట్టు వేసేటప్పుడు నేను ఒక ప్రతిపాదన పెట్టాను. పాటగాడికి, ఇద్దరు వాద్యకారులకు ఆ రోజు కూలి, ప్రయాణం ముందుగా పంపాలి; ఆ పద్దు మైకు సెట్టు కంటె పైన రాయాలి; శాలువా వుండదు. రికార్డు చేసిన పాట పాడినవాళ్ళ అనుమతి లేకుండా ఎవరూ ఎక్కడా పెట్టకూడదు. ముగ్గురి పేర నెలచందా పుస్తకం సభలోనే తెరవాలి. గంటసేపు వాదన జరిగింది. కూలి అనే మాట కళాకారులను అవమానిస్తుందని ఇద్దరు అన్నారు. వాళ్ళిద్దరూ ఆచార్యులు. ఆ పాటగాడికి ఫోను చేసి, పద్దులో ఏమని రాయమంటారని అడిగాను. "కూలి అనే రాయుండ్రి సార్, దాంట్ల తప్పేముంది" అన్నాడు.

చందా పుస్తకంలో ఇప్పటికి నలభై ఒక్క పేర్లున్నాయి. ప్రతిపాదనలో శాలువా వద్దన్న భాగం ఒక్కటి వీగిపోయింది. పద్దు పేరు సంగతి కోశాధికారి ఇంకా తేల్చలేదు.